తీరము దాటిన తుపాను

ప్రియ చదువరులారా, మీ గ్రామము సముద్రమునకు ఎంత దూరము? రెండు క్రోసులా? పదియా? యాభైయా? ఈ ప్రశ్న ఎందుకు అడుగుచున్నానో ముందుగా చెప్పెదను. ఏలయనగా ఇది నేను సకాలమున అడుగక, తరువాత సిగ్గుపడిన ప్రశ్న.

మా పద్మనాభము విశాఖపట్టణము జిల్లాలో కొండ ప్రక్కనున్న ఊరు. భీమునిపట్టణపు సముద్రము మాకు పదిహేను కిలోమీటర్లకు అటు ఇటుగా ఉండును. మావారు వరి, కొబ్బరి, జీడిమామిడి నమ్ముకొని బ్రదుకువారే గాని వల వేయువారు కారు. 1794 జూలై 10వ తేదీన ఇక్కడ జరిగిన యుద్ధమునందు విజయనగరపు ప్రభువైన విజయరామ గజపతి రాజుగారు కుంఫిణీ సేనల చేతిలో మరణించిన సంగతి చరిత్ర చదివినవారు ఎరుగుదురు. ఓడలమీద వచ్చిన ఆ కుంఫిణీవారు సముద్రపు ఒడ్డున ఆగిపోలేదు గదా! అయినను తుపాను మాత్రము ఒడ్డుననే ఆగునని మేము తలంచితిమి.

2014 అక్టోబరు 11వ తేదీ శనివారము సాయంకాలమున మా సంఘములోని ఒక వృద్ధురాలు, విధవరాలు, నా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, పెద్ద గాలొస్తాదంటన్నారు. మన కాడికీ వస్తాదేటి?” అని అడిగెను. ఆమెది తాటాకు ఇల్లు. నేను మరుసటి దినపు ప్రసంగము వ్రాసుకొనుచుండి, తల యెత్తి, “లేదమ్మా, అది ఒడ్డువారికి. మనకు వాన కురిసి పోవును. ఇంటికి పోయి ప్రార్థన చేసుకొనుము” అని చెప్పితిని. ఆమె నా మాట నమ్మి వెళ్లిపోయెను.

మరునాడు ఆదివారము. మధ్యాహ్నము పండ్రెండు, ఒంటిగంట నడుమ ‘హుద్‌హుద్’ అను ఆ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్టణము మీదుగా తీరము దాటెను. అది విశాఖపట్టణమునకు మాత్రమే వచ్చినది కాదు. మా కొబ్బరిచెట్లు తలలు తెగి పడెను. జీడితోటలు వేళ్లతో లేచెను. ఆమె ఇంటి పైకప్పు ఎగిరిపోయి, మట్టిగోడ ఆమెమీద పడి కాలు విరిగెను. రెండు మేకలు చచ్చెను. నాలుగు దినముల తరువాత ఆమెను చూడబోయినప్పుడు ఆమె నన్ను నిందింపలేదు. “మీరు చెప్పినారు గదా అని ఉండిపోయినాను అయ్యగారూ” అని మాత్రము అనెను. నిందించినయెడల నాకు సుళువై యుండెడిది.

ఆ మాట నన్ను చరిత్ర పుస్తకములయొద్దకు నడిపించెను. తుపాను చేయి తీరమునుండి ఎంత దూరము చాపగలదు? నేను తెలిసికొన్నది మీకు చెప్పెదను, మీరు మీ సంఘములలో చెప్పుడి.

మొదట తుపాను అననేమో చూతము. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు బంగాళాఖాతపు తుపానులను ఓడల దినచర్య పుస్తకములనుండి పరిశోధించి, 1848లో నావికుల కొరకు వ్రాసిన గ్రంథములో ‘సైక్లోన్’ అను పేరు పెట్టెను. చుట్ట చుట్టుకొన్న పాము వంటిదని దాని భావము. వేడెక్కిన సముద్రపు నీరు ఆవిరియై పైకి లేచి, మేఘమై, తన వేడిమిని విడుచును. ఆ వేడిమియే తుపానునకు ఆహారము. గాలి నలుదిక్కులనుండి లోపలికి పరుగెత్తి, మన దేశపు వైపున గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగును. నడుమ ‘కన్ను’ అను ప్రశాంతమైన చోటు ఉండును. ఈ పాము చుట్ట ఒక ఊరంత కాదు, కొన్ని జిల్లాలంత వెడల్పు. కాబట్టి తుపాను ఫలానా ఊరియొద్ద తీరము దాటెనని చెప్పునప్పుడు ఆ ఊరు దాని కన్ను నడచిన చోటు మాత్రమే. దాని దేహము ఎంత మేర పరచుకొన్నదో ఆ ఊరి పేరు మనకు చెప్పదు.

తుపానునకు మూడు చేతులు కలవని అనుకొనుడి. ఒకటి ఉప్పెన, రెండవది గాలి, మూడవది నీరు. ఒక్కొక్క చేయి ఒక్కొక్క దూరము చాచును.

ఉప్పెన చేయి పొట్టిది, గాని మిక్కిలి క్రూరమైనది. గోదావరి ముఖమునొద్దనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టు గొప్ప రేవు. 1789లో ఒకమారు, 1839 నవంబరులో మరియొకమారు సముద్రము దానిమీదికి వచ్చెను. రెండవ దెబ్బనుండి ఆ రేవు మరల లేవలేదు. నేడు కోరంగి ఒక గ్రామము.

బందరు సంగతి మన సంఘములవారు ప్రత్యేకముగా జ్ఞాపకము చేసికొనవలెను. 1841లో రాబర్ట్ నోబుల్ దొరగారును హెన్రీ ఫాక్సు దొరగారును అక్కడ దిగి తెలుగు దేశములో చర్చి మిషనరీ సొసైటీ పనికి పునాది వేసిరి. నోబుల్ గారి పేర వెలసిన కళాశాల నేటికిని ఆ పట్టణములో నున్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి చీకటిలో సముద్రము ఆ పట్టణములో ప్రవేశించెను. ఇంచుమించు 30,000 మంది మరణించిరని నాటి లెక్క. మిషను బాలికల పాఠశాలలో నిద్రించుచుండిన పిల్లలలో అనేకులు నీటిలో మునిగిపోయిరి. ఆ ఉప్పెన కొన్ని చోట్ల 17 మైళ్లు, అనగా 27 కిలోమీటర్ల వరకు, లోపలికి వచ్చెనని దొరతనమువారు వ్రాసియుంచిరి. పదిహేడు మైళ్లు! సముద్రము కంటికి కనబడని, అల చప్పుడు చెవికి వినబడని ఊళ్లవి. ఆ ఊళ్లవారును “అది ఒడ్డువారికి” అనుకొని పండుకొనియుందురు. మరుసటి సంవత్సరము 1865లో నోబుల్ గారు బందరులోనే ప్రభునందు నిద్రించిరి.

దివిసీమ ఉప్పెన మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. 1977 నవంబరు 19, శనివారము. ఆ తుపాను కన్ను చీరాల, నిజాంపట్నముల వైపున తీరము దాటెను. అయితే మృత్యువు ఎక్కువగా దిగినది అచ్చట కాదు, కృష్ణ ఆవలనున్న దివిసీమలో. ఎందువలన? గాలి ఎదురు దిశలో తిరుగుచుండుటవలన మన తీరములో కన్నునకు కుడివైపున, అనగా ఉత్తరపు వైపున, గాలి సముద్రమును ఒడ్డుమీదికి త్రోయును. ఎడమవైపున ఒడ్డునుండి వెనుకకు త్రోయును. అందుచేత కన్ను దాటిన చోటికి ఎంతో దూరమున నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో తాటిచెట్టు సగమంత ఎత్తున నీరు లేచెను. దొరతనపు లెక్క ప్రకారమే పదివేల మంది పోయిరి. ఇంకను ఎక్కువని చెప్పువారు కలరు. కావున చదువరులారా, తుపాను ‘ఫలానా చోట’ దాటునని విని, “ఆ చోటు మనది కాదు” అని ఊరుకొనుట ఎంత ప్రమాదమో చూడుడి.

రెండవది గాలి చేయి. అది ఉప్పెనకంటె పొడవు. నేలమీదికి వచ్చిన తుపానునకు సముద్రపు ఆవిరి దొరకదు. పొయ్యిలోనుండి కట్టె లాగివేసినట్లు అది క్రమముగా చల్లారును. హుద్‌హుద్ మధ్యాహ్నము తీరము దాటి అర్ధరాత్రి అగునప్పటికి దాని గాలివేగము సుమారు సగమునకు తగ్గెను. అయితే ఆ లోపల అది ఎంత దూరము నడచినది! విశాఖపట్టణమునకు గీత గీచినట్లు కొలిచినను 80 కిలోమీటర్ల దూరమునున్న అరకులోయలో, తూర్పు కనుమల నడుమ, కాఫీ తోటలకు నీడనిచ్చు సిల్వరు ఓకు మ్రానులు కూలి కాఫీ మొక్కలమీద పడెను. సముద్రమును జన్మలో చూడని గిరిజన కుటుంబముల జీవనము సముద్రపు గాలికి విరిగెను.

మూడవది నీటి చేయి. ఇది అన్నిటికంటె పొడవైనది. గాలి చల్లారినను తుపాను తన కడవలోని నీటిని దింపుకొనలేదు. ఆ కడవను మోసికొని పోవుచునే యుండును. హుద్‌హుద్ 13వ తేదీన బలహీనపడి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరమునకు నడచెను. 14వ తేదీకి తూర్పు ఉత్తరప్రదేశ్ చేరి, పేరు లేని అల్పపీడనమాయెను. అక్కడ వర్షములవలనను గోడలు కూలుటవలనను పదునెనిమిది మంది మరణించిరి. అంతటితో ముగిసెనా? లేదు. పశ్చిమమునుండి హిమాలయముల వెంబడి వచ్చుచున్న చల్లని వాయుద్రోణి దానిని ఎదుర్కొనెను. బంగాళాఖాతములో ఆవిరియైన నీరు నేపాల్ దేశపు కొండలమీద మంచై కురిసెను. ఆ దేశములో అక్టోబరు నెల ఆకాశము నిర్మలముగా నుండు కాలము, యాత్రికులు కొండలెక్కు కాలము. 5,416 మీటర్ల ఎత్తునున్న థొరాంగ్ లా అను కనుమలోను, అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతములలోను కొన్ని గంటలలోనే సుమారు ఆరు అడుగుల మంచు పడెను. నలువది మందికి పైగా మరణించిరి. వారిలో అనేక దేశముల యాత్రికులు, వారి మూటలు మోసిన కూలివారు, దారి చూపువారు, జడలబర్రెలు కాచుకొను పశులకాపరులు ఉండిరి. మ్యాపు తీసి కొలిచి చూచితిని. విశాఖపట్టణమునుండి ఆ కనుమ సుమారు 1,200 కిలోమీటర్లు. ఆదివారము మా కొబ్బరిచెట్లను కూల్చినదియే మంగళవారమున మంచు కొండలలో ఒక పశులకాపరిని చంపెను. ఆ కాపరి విశాఖపట్టణము పేరు విని యుండునా?

హుద్‌హుద్ అనునది ఒమాన్ దేశమువారు ఇచ్చిన పేరు. అరబ్బీ భాషలో అది ఒక పిట్ట పేరు. లేవీయకాండము పదకొండవ అధ్యాయములోని పక్షుల పట్టికలో మన తెలుగు బైబిలు దానిని కుకుడుగువ్వ అని చెప్పుచున్నది. చిన్న పిట్ట పేరు పెట్టిరి గాని, దాని రెక్కలు సముద్రమునుండి హిమాలయముల వరకు విప్పుకొనెను.

ఇది మన దేశమునందే జరుగునది కాదు. అమెరికా దేశమున 1969 ఆగస్టు 17వ తేదీ రాత్రి కమీల్ అను తుపాను దక్షిణమున మిసిసిపీ రాష్ట్రపు తీరము దాటెను. రెండు దినముల తరువాత, అందరును అది చచ్చెననుకొన్న సమయమున, ఎంతో ఉత్తరమునున్న వర్జీనియా కొండలలో రాత్రివేళ వర్షముగా దిగి నూరుమందికి పైగా ప్రాణములు తీసెను. 2024 సెప్టెంబరు 26న ఫ్లోరిడా తీరము దాటిన హెలీన్ తుపాను ఉత్తర కెరొలీనా కొండ ఊళ్లను వరదలలో ముంచెను. అక్కడను నూరుమందికి పైగా మరణించిరి. అంత ధనము, అన్ని యంత్రములు గల దేశములోను కొండవారు సముద్రము తమకు దూరమనియే తలంచిరి.

ఈ మూడు చేతులు గాక నాలుగవదియు కలదు. అది దూరమును కాదు, కాలమును దాటి చాచును. హుద్‌హుద్ వలన ఆంధ్రప్రదేశమునకు కలిగిన నష్టము 21,908 కోట్ల రూపాయలని ప్రభుత్వము అంచనా వేసెను. మన రాష్ట్రములో 61 మంది మరణించిరి. ఈ లెక్కలు వ్రాసియుంచిరి. అయితే కొబ్బరిమొక్క నాటిన ఆరేడు సంవత్సరములకు గాని కాపు రాదు. ఆ ఆరేడు సంవత్సరములు రైతు అప్పు తెచ్చి తినును. అప్పు తీర్చుటకు కొడుకు చదువు మాని పట్టణమునకు కూలికి పోవును. కూతురి పెండ్లి వాయిదా పడును. ఇది ఏ లెక్కలోను వ్రాయబడదు. సంఘకాపరి మాత్రము ఇంటింట ప్రార్థనకు వెళ్లునప్పుడు చూచుచుండును.

ఇప్పుడు మీరొక మాట అడుగుదురు: “అయ్యా, ఇది దేవుని శిక్షయా?” హుద్‌హుద్ తరువాత మా గ్రామములలో అట్లు చెప్పినవారు కలరు. పట్టణపు పాపము పండెననిరి. అట్లయిన మంచులో చచ్చిన పశులకాపరి ఏ పట్టణములో ఏ పాపము చేసెను? సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు మన ప్రభువు ఏమి సెలవిచ్చెనో లూకా సువార్త పదమూడవ అధ్యాయము తీసి చదువుకొనుడి. చచ్చినవారు బ్రదికియున్నవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ఆయన ఖండితముగా చెప్పి, వినుచున్నవారినే మారుమనస్సు పొందుడని పిలిచెను. కాబట్టి తుపాను వచ్చినప్పుడు ఎవరి పాపమని వెదకుట మన పని కాదు. మన చేతిలోని పని మనము చేసితిమా అనునదే ప్రశ్న.

ఆ పని రెండు విధములు. మొదటిది, ముందు హెచ్చరించుట. అపొస్తలుల కార్యములు ఇరువదియేడవ అధ్యాయములో క్రేతు దీవియొద్ద పౌలు హెచ్చరించెను, గాని శతాధిపతి ఓడ నడుపువాని మాట నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా వీచుట చూచి అంతయు బాగున్నదనుకొనిరి. ఆ తరువాత పెనుగాలి వారిని పదునాలుగు దినములు కొట్టి మెలితే దీవి వరకు తరిమెను. మెల్లని గాలిని చూచి మోసపోకుడి. తుపాను కన్ను మీ ఊరిమీదికి వచ్చినప్పుడు కూడ గాలి ఆగిపోవును, కొంత వెలుతురు వచ్చును. జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి ఎదురు దిక్కునుండి అదే గాలి మరల కొట్టును. 1970లో మన దేశములో మొట్టమొదటి తుపాను రాడారు విశాఖపట్టణముననే నెలకొల్పబడెను. నేడు హెచ్చరికలు కొన్ని దినముల ముందే వచ్చుచున్నవి. 1977లో పదివేలు, 2014లో 61. ఈ రెండు లెక్కల నడుమ తేడా, తుపాను తేడాతోపాటు, సమయమున వినిన హెచ్చరికయు, ముందుగా ఖాళీ చేయించిన ఊళ్లును. అయితే హెచ్చరిక ఎంత దూరమునుండి వచ్చినను, చివరి వంద గజములు దానిని మోసికొని పోవలసినవాడు పొరుగువాడే. ఆ వంద గజములలో నేను తప్పితిని.

రెండవది, తరువాత ఆదుకొనుట. క్లౌదియ చక్రవర్తి కాలములో కరవు రాగా, అంతియొకయలోని శిష్యులు ఎవరి శక్తికొలది వారు చందా వేసికొని దూరమందున్న యూదయలోని సహోదరులకు పంపిరి. కరవు ఎంత దూరము చేయి చాచెనో వారి ప్రేమయు అంత దూరము చేయి చాచెను. మనమట్లు చేయుదుమా? సహాయపు బండ్లు పెద్ద రోడ్డు ప్రక్కనున్న ఊళ్లయొద్దనే ఆగుటయు, లోపలి పల్లెలవారు ఎదురుచూచుటయు నేను చూచితిని. తుపాను పోయినంత దూరము మన రొట్టె పోవుట లేదు.

ముగించుటకు ముందు ఇంకొక సంగతి. 2018 అక్టోబరు 10వ తేదీన తిత్లీ తుపాను వచ్చుచున్నదని తెలిసినప్పుడు నేను ప్రసంగము వ్రాయుచు కూర్చుండలేదు. చీకటి పడకముందే మందిరపు గంట కొట్టించి, తాటాకు ఇండ్లవారినందరిని లోనికి పిలిచితిని. అందరికంటె ముందు చాప చంకను పెట్టుకొని, కుంటుచు వచ్చినది ఆ వృద్ధురాలే. ఆ రాత్రి మాకు వాన పడెను గాని ఏమియు కూలలేదు. తెల్లవారిన తరువాత కొందరు యువకులు, “అయ్యగారు ఊరకే భయపెట్టినారు” అని నవ్విరి. ఆమె వారితో, “రాకపోతే మంచిదే గదా నాయనా. మనకాడికి రాలేదంటే ఇంకెవరి కాడికో పోయుంటాది. ఆలెలా ఉన్నారో!” అనెను.

ఆమె చెప్పినది నిజమే. 11వ తేదీ వేకువజామున తిత్లీ శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసెను. తీరమునకు దూరమైన ఒరిస్సా గజపతి జిల్లా కొండలలో, బరఘర అను పల్లెలో, వానకు తలదాచుకొన్నవారిమీద కొండచరియ విరిగి పడి పదిమందికి పైగా మరణించిరి. ఆ కొండలలో మన క్రైస్తవ సహోదరులు అనేకులు కాపురమున్నారు.

తరువాతి ఆదివారము మా మందిరములో వారి కొరకు కానుక పట్టితిమి. ఎంత వచ్చినదో వ్రాయను, ఎక్కువ కాదు. అయితే అది ఒడ్డునను రోడ్డునను ఆగక కొండవరకు చేరునట్లు ఇద్దరు సహోదరులను దానితోకూడ పంపితిమి.

ప్రియ చదువరులారా, మీ గ్రామము సముద్రమునకు ఎంత దూరమైనను సరే, మీ వీధిలో తాటాకు ఇల్లు ఎవరిదో, నడవలేని ముసలివారు ఎవరో, ఈ వారమే ఒక కాగితముమీద వ్రాసి మందిరములో ఉంచుడి. గాలి లేచిన తరువాత వ్రాయుటకు వెలుతురుండదు.